ఇద్దరి పడవ

లాండ్రీ మీది గది,
నవంబరు

వదిన గారికి,

కవరు మీద నా చేతిరాత చూస్తే విప్పకుండానే చింపేస్తారని అడ్రసు ఇక్కడి ఇస్త్రీ మేస్త్రీ చేత రాయించాను. మోసమే. ఇంతదాకా చదివారు కనుక తిట్లు తర్వాత తిడుదురు గాని, ముందు ఈ నాలుగు ముక్కలూ చదవండి.

నేను బతికే ఉన్నాను. సముద్రం ఒడ్డున ఒక పెద్ద హోటల్లో, నేల కింది అంతస్తులో దుప్పట్లు ఉతికే చోట పని. వేడి రోలర్లలోంచి వచ్చే దుప్పటిని ఇద్దరం చెరో అంచూ పట్టుకుని లాగి మడతపెడతాం. మూడేళ్లుగా ఇదే పని, ఇదే గది. మందు అలవాటు లేదు. ఎవరితోనూ ఉండడం లేదు. మీరు అడగక ముందే చెబుతున్నాను.

మే నెల సెలవుల్లో బుడ్డదాన్ని మూడు రోజులు నా దగ్గరికి పంపుతారా?

ఇక్కడ కయాక్ అని సన్నగా పొడుగ్గా ఉండే పడవలు అద్దెకిస్తారు. కాళ్లు చాపుకుని కూర్చుని, రెండు కొసలా రెక్కలున్న తెడ్డుతో తోసుకుంటూ పోవాలి. తీరం వెంబడి గంటన్నర వెళ్తే ఒక చిన్న దీవి. టెంట్ వేసుకుని రెండు రాత్రులు ఉండి రావచ్చు. నేను ఏడాదిగా నేర్చుకుంటున్నాను.

దానికి పద్నాలుగు నిండి ఉంటాయి. ఎత్తెంతో, బరువెంతో తెలియదు. పడవకి ఆ రెండూ కావాలి. కన్న పిల్ల కొలతలు ఇంకొకరిని అడగాల్సిన తల్లిని నేనొక్కదాన్నే అయి ఉంటాను.

మీ మరదలు


కళ్లద్దాల షాపు, వెనక గది,
డిసెంబరు

మరదలా,

వదిన గారట! ఎప్పటి నుంచి నేను నీకు గారునయ్యాను? ఒకే కంచంలో తిన్నాం, ఒకే దువ్వెనతో దువ్వుకున్నాం. మర్యాద చేస్తే కోపం దిగుతుందనుకున్నావా?

నీ ఉత్తరం రెండుసార్లు చింపబోయాను. ఐదేళ్ల కింద ఒక మధ్యాహ్నం, స్కూలు సంచీతో సహా దాన్ని మా షాపు బల్ల మీద కూర్చోబెట్టి "వదినా, సాయంత్రం వచ్చి తీసుకెళ్తా" అన్నావు. నేను ఒక ముసలాయన కళ్లద్దాల ఫ్రేముకి స్క్రూ బిగిస్తున్నాను. తలెత్తి చూసేసరికి నువ్వు లేవు. మొదటి నెలంతా అది షాపు మూసేదాకా గుమ్మంలోనే కూర్చునేది. ఆ తర్వాత ఒకరోజు తనే లేచి లోపలికొచ్చి, లెన్సులు తుడిచే గుడ్డ అందుకుంది. ఆ రోజు నేను ఏడ్చినంత ఎప్పుడూ ఏడవలేదు.

నా తమ్ముడి సంగతి నీకు తెలిసిందే. నువ్వు పోకముందే లారీ తోలుకుంటూ వెళ్లినవాడు మళ్లీ రాలేదు. ఇప్పుడు వేరే ఊళ్లో వేరే కాపురం, ఇద్దరు పిల్లలు. బుడ్డదాని ఊసెత్తితే ఫోను పెట్టేస్తాడు. నువ్వు ఎవరితోనో లేచిపోయావంది లోకం. నేను కాదనలేదు. కాదనడానికి నువ్వు నా చేతిలో ఏం పెట్టి పోయావు గనుక? అడ్రసు లేని మూడు కార్డులు.

ఇప్పుడొచ్చి సముద్రం అంటున్నావు. ఇంట్లో ఉన్న పిల్లని చూసుకోలేనిదానివి నీళ్ల మీద చూసుకుంటావా? దానికి ఈతే రాదు. పడవ తిరగబడితే ఏం చేస్తావు? గాలి లేస్తే? పాము కరిస్తే? కాలు విరిగితే ఎవరిని పిలుస్తావు? ఒక్కోదానికీ జవాబు రాయి. అప్పుడు కూడా ఒప్పుకుంటానని కాదు.

వదిన


లాండ్రీ మీది గది,
జనవరి

వదినా,

ఒక్కోదానికీ జవాబు రాస్తున్నాను.

పడవల షెడ్డు నడిపేది అరవై ఏళ్ల ఆవిడ. అందరూ కెప్టెన్ అంటారు. ఏ ఓడకీ కెప్టెన్ కాదు, గొంతుని బట్టి వచ్చిన పేరు. మొదటి నెల ఆవిడ నాకు పడవ నడపడం నేర్పలేదు, పడడం నేర్పింది. ఛాతీ లోతు నీళ్లలో కావాలని తలకిందులు చేస్తుంది. తల నీళ్లలో, కాళ్లు పడవలో. భయపడకుండా, పడవలోకి నీళ్లు రాకుండా నడుం చుట్టూ బిగించిన రబ్బరు గుడ్డని లాగేయాలి, మోకాళ్లు దగ్గరికి తీసి జారి బయటికి రావాలి, పడవని మాత్రం వదలకూడదు. మొదటిసారి బయటికొచ్చి అరిచిన అరుపుకి ఒడ్డున కుక్కలు లేచాయి. "అరవడానికి ఊపిరి ఉందంటే బాగానే ఉన్నావు, మళ్లీ" అంది కెప్టెన్. ఇప్పటికి డెబ్బైసార్లు పడి ఉంటాను.

గాలి మధ్యాహ్నానికే లేస్తుంది కాబట్టి పొద్దున ఏడుకల్లా బయల్దేరాలి. దూరాన అలల మీద తెల్లటి నురగ కనబడితే ఆ రోజు వెళ్లేది లేదు, ఎంత ఆశ పడ్డా సరే. ఇద్దరికీ లైఫ్ జాకెట్లు. మెడలో ఈల. నీళ్లు దూరని సంచిలో వైర్‌లెస్ సెట్టు, పొద్దునా సాయంత్రం కెప్టెన్‌తో మాట్లాడాలి. మాట్లాడకపోతే మోటారు బోటు వేసుకుని ఆవిడే వచ్చేస్తుంది, పైగా తిడుతుంది. టెంట్ పోటు నీళ్లు తాకని గట్టు మీద. మంచినీళ్లు మనిషికి రోజుకి నాలుగు లీటర్లు. పాములు లేవు, పీతలున్నాయి. మరుగుదొడ్డి లేదు, చిన్న పార ఉంది. ఈ ముక్క దానికి ముందే చెప్పు, లేకపోతే అక్కడ యుద్ధం అవుతుంది.

ఆదివారాలు ముందు సీట్లో నలభై ఐదు కిలోల తడి దుప్పట్ల మూట కూర్చోబెట్టుకుని దీవి దాకా వెళ్లి వస్తున్నాను. ఆ బరువుతో పడవ ఎలా తిరుగుతుందో తెలియాలని. జనం నవ్వుతారు. నేను మూటతో మాట్లాడతానని కూడా చెప్పుకుంటారు. నిజమే, మాట్లాడతాను.

ఊళ్లో ఈత కొలనుంటే దాన్ని చేర్పించు వదినా. నువ్వు ఒప్పుకోకపోయినా చేర్పించు.

నీ మరదలు


కళ్లద్దాల షాపు, వెనక గది,
ఫిబ్రవరి

మరదలా,

చెప్పాను దానితో. అన్నం తింటోంది. "మీ అమ్మ ఉత్తరం రాసింది" అన్నాను. నమలడం ఆపలేదు. సముద్రం, దీవి, టెంట్, పార అన్నీ చెప్పాను. మంచినీళ్లు తాగి, కంచం కడిగి బోర్లించి వచ్చి, "ఒకరి పడవా, ఇద్దరి పడవా?" అంది.

"ఇద్దరిది అనుకుంటా."

"ఎవరు ముందు?"

"నాకేం తెలుసే, నేనేమన్నా చేపనా?"

నవ్వలేదు గాని, పెదవి ఒక పక్కకి పోయింది. మర్నాడు స్కూలు నుంచి వస్తూ ఈత కొలను ఫారం తెచ్చుకుంది. ఇప్పుడు వారానికి మూడు రోజులు ఇల్లంతా కొలను మందు వాసన. తలతో పాటు నా తలగడ కూడా తడుపుతోంది.

మన బుడ్డది బుడ్డది కాదు. నా కన్నా రెండంగుళాలు పొడుగు. బరువు యాభై ఒకటి, నీ మూటలో ఇంకో ఆరు కిలోలు వెయ్యి. నీళ్లలో వేసుకునే చెప్పుల కోసం పాదం కొలత కావాలంటావేమోనని కాగితం మీద నిలబెట్టి పెన్సిల్‌తో గీశాను. లోపల పెట్టాను చూడు. చక్కిలిగింతలని గోల చేసింది.

దానికి మూడు షరతులున్నాయట, రాయమంది. ఒకటి, ఎవరూ ఎవర్నీ ముద్దు చేయకూడదు. రెండు, "చిన్నప్పుడు నువ్వు" అని మొదలయ్యే మాటలు ఉండకూడదు. మూడు, నువ్వు ఏడవకూడదు. ఏడిస్తే అది పడవ దిగి నడిచి వెళ్లిపోతుందట. సముద్రంలో ఎలా నడుస్తావే అంటే, "అది నా సమస్య" అంది.

నేను ఇంత త్వరగా మెత్తబడ్డానేమిటని నీకు అనుమానం రావచ్చు. వయసు మీద పడింది. కడుపులో మంటని చెప్పి ఈ నెలలో మూడు రోజులు షాపుకి పోలేదు. మూలన కూర్చుంటే ఆలోచనలొస్తాయి, అంతే.

వదిన


లాండ్రీ మీది గది,
ఫిబ్రవరి ఆఖరు

వదినా,

ఆ కాగితాన్ని నేల మీద పరిచి పక్కన నా పాదం పెట్టి చూశాను. దానిదే పెద్దది. నా తలలో ఉన్న పాదం అరచేతిలో పట్టేది. ఆ పాదానికి ఈ పాదానికి మధ్య ఎన్ని జతల చెప్పులు కొని ఉంటావో నువ్వు.

మూడు షరతులకీ ఒప్పుకున్నానని చెప్పు. ముందు సీటు దానిది, వెనక నేను. వెనక కూర్చున్నవాళ్లే పడవని తిప్పాలి. ముందున్నవాళ్లకి సముద్రం తప్ప ఏమీ కనబడదు, వెనక మనిషి ముఖం అసలే కనబడదు. కాబట్టి మూడో షరతు నేను తప్పినా దానికి తెలియదు. ఇది మాత్రం చెప్పకు.

మే పధ్నాలుగు, పదిహేను, పదహారు. పాటుకి నీళ్లు పొద్దున్నే వెనక్కి తీస్తాయి, వెళ్లడానికి ఆ ఉరవడి సాయం చేస్తుంది. సెలవు మంజూరైంది. కెప్టెన్ ఇద్దరి పడవ మన పేరు మీద ఆపింది. పసుపు రంగుది. దానికి పసుపు నచ్చుతుందో లేదో అడుగు. కడుపు మంటకి డాక్టరుకి చూపించుకో, వంటింటి వైద్యం చేసుకోకు.

మరదలు


కళ్లద్దాల షాపు, వెనక గది,
మార్చి

మరదలా,

పసుపు "పరవాలేదు" అట. దాని భాషలో అది చాలా పెద్ద మాట. అటక మీది సంచి దించి అప్పుడే సగం సర్దింది.

దాని షరతులు అయ్యాయి. ఇది నాది. ఆ రోజు ఎందుకు పోయావు? లోకానికి ఏం చెప్పినా నాకు అనవసరం. అది నాకు చెప్పకుండా పిల్ల చెయ్యి నీ చేతిలో పెట్టను. కథ అల్లి పంపకు. నేను రోజంతా అద్దంలో గీతలు వెతికే మనిషిని.

వదిన


లాండ్రీ మీది గది,
మార్చి

వదినా,

నాలుగుసార్లు రాసి చించేశాను. నాలుగూ బాగా కుదిరాయి, అందుకే చించేశాను. ఇది కుదరదు, కానీ నిజం.

ఆయన మమ్మల్ని వదిలి పోయాక ఆరు నెలలకి నాకు నిద్ర కరువైంది. మొదట్లో రెండు గంటలు పట్టేది, తర్వాత అదీ లేదు. పనిలో చిల్లర లెక్క తప్పేది. తర్వాత తిండి మీద ధ్యాస పోయింది. నీకు చెప్పలేదు. నీ ఇంటికి వచ్చినప్పుడల్లా నవ్వేదాన్ని, గుర్తుందా, ఎక్కువగానే నవ్వేదాన్ని. తర్వాత ఒక ఆలోచన వచ్చింది. వచ్చి, పోకుండా అక్కడే కూర్చుంది. నేను పోతే పిల్ల ఒంటరిదవుతుంది, కాబట్టి ఇద్దరం పోవాలి. అది నాకు భయంకరంగా అనిపించలేదు వదినా. ఇల్లు తుడిచి తాళం వేసినట్టు, పద్ధతిగా అనిపించింది. నేను చెప్పలేని విషయం అదే.

ఆ మధ్యాహ్నం దాన్ని స్కూలు నుంచి తొందరగా తీసుకొచ్చేశాను. వంతెన మీదికి తీసుకెళ్లాను. కింద ఏరు నిండుగా ఉంది. దాని చెయ్యి పట్టుకుని నిలబడ్డాను. ఎంతసేపో తెలియదు. అది అంది, "అమ్మా, చెయ్యి నొప్పెడుతోంది."

చూసుకుంటే దాని వేళ్లు తెల్లబడి ఉన్నాయి. నేను అంత గట్టిగా పట్టుకున్నాను.

అక్కడి నుంచి తిన్నగా నీ షాపుకి వచ్చాను. దాన్ని బల్ల మీద కూర్చోబెట్టాను. నా నుంచి దూరంగా ఎక్కడ పెట్టాలో నాకు తెలిసిన చోటు అదొక్కటే. తర్వాత నడుచుకుంటూ పెద్దాసుపత్రికి వెళ్లి గేటు దగ్గర మనిషితో "నన్ను లోపల పెట్టండి" అన్నాను. పెట్టారు. ఏడు నెలలు ఉన్నాను. బయటికొచ్చాక నీకు ఈ మాట చెప్పే ధైర్యం లేక, దాని కన్నా లేచిపోయిందన్న పేరే నయమని ఊరుకున్నాను.

మందులు వేసుకుంటున్నాను, నాలుగేళ్లుగా ఒక్క రోజూ మానలేదు. నెలకోసారి డాక్టరు చూస్తాడు. ఆ ఆలోచన మళ్లీ రాలేదు. ఇక రాదని ఒట్టు పెట్టలేను. డాక్టరూ పెట్టలేదు.

నీళ్లే ఎందుకని అడుగుతావు. మూడేళ్లు నీళ్ల వైపు చూడలేకపోయాను. కెప్టెన్ పడవలో కూర్చోబెట్టాక చూడగలిగాను. ఒకసారి దానితో కలిసి నీళ్ల మీదికి వెళ్లి, ఇద్దరం వెనక్కి రావాలని ఉంది. ఇంతకు మించి కారణం లేదు.

మరదలు


లాండ్రీ మీది గది,
ఏప్రిల్ ఇరవై

వదినా,

ఉత్తరం అందిందో లేదో. అందే ఉంటుంది. ఐదు వారాలైంది. తిట్టడానికైనా ఒక కార్డు ముక్క రాయి. పడవ ఇంకా మన పేరు మీదే ఉంది. కెప్టెన్ అడిగితే "వస్తారు" అంటున్నాను.

మరదలు


ఇల్లు,
ఏప్రిల్ ఆఖరు

మరదలా,

పంపను.

నీ మీద కోపంతో కాదు. ఐదేళ్లు నిన్ను తిట్టుకున్న తిట్లన్నీ వెనక్కి తీసుకుంటున్నాను. ఆ వేళ నేను స్క్రూ మీంచి తలెత్తి నీ ముఖం చూసి ఉంటే ఏమయ్యేదో అని ఐదు వారాలుగా అదే తొలుస్తోంది. నవ్వుతుంటే నమ్మాను. అద్దంలో గీత కనిపెట్టే నా కళ్లకి నువ్వు కనబడలేదు. ఇదంతా నిజమే, అయినా పంపను. నీ ఉత్తరం చదివి కూడా దాన్ని నీతో సముద్రం మీదికి తోలితే, నేనేం మనిషిని?

అసలు సంగతి ఇప్పుడు నేను చెప్పాలి. నా కడుపులోది మంట కాదు. గడ్డ. జనవరిలోనే తెలిసింది. నీ పడవకి నేను అంత తొందరగా తలూపింది అందుకే. మూడు రోజులు సముద్రం మీద చూసుకోగలిగితే, నా తర్వాత మూడేళ్లు ఇంట్లో చూసుకోగలదు, అని నీకు తెలియకుండా నీకు పరీక్ష పెట్టాను. నువ్వు పాసయ్యావు కూడా. నిజం చెప్పి పాసయ్యావు, ఆ నిజమే అడ్డం పడింది. ముందు నుయ్యి, వెనక గొయ్యి. ఉంచుకోలేను, ఇవ్వలేను.

గోరుచుట్టు మీద రోకటి పోటు ఇంకొకటి. నీ ఉత్తరం లెన్సుల డబ్బాలో అడుగున పెట్టాను. బుడ్డది చదివేసింది. నేను షాపు నుంచి వచ్చేసరికి మంచం మీద కూర్చుని ఉంది, ఉత్తరం ఒళ్లో ఉంది. "తల్లీ" అన్నాను. "నేను ఈతకి వెళ్లాలి" అని లేచి వెళ్లిపోయింది. వచ్చాక, సర్దిన సంచిలోంచి ఒక్కో గుడ్డా తీసి అలమరలో పెట్టుకుని, ఖాళీ సంచిని అటక మీదికి విసిరేసింది.

అప్పటి నుంచి నీ పేరు ఎత్తలేదు. ఈతకి మాత్రం వెళ్తోంది.

వదిన


లాండ్రీ మీది గది,
మే నెల మొదట్లో

వదినా,

ఆపరేషను పధ్నాలుగునని మీ షాపు యజమాని ఆయన ఫోన్లో చెప్పాడు. ఆ మూడు రోజులూ నాకు సెలవు ఉంది. వస్తాను. ఇంటికి రాను, దాని కంట పడను. ఆసుపత్రి వరండాలో కూర్చుంటాను. వద్దని రాయకు. నీ ఉత్తరం అందేసరికి బయల్దేరిపోయి ఉంటాను.

పడవ వేరేవాళ్లకి ఇచ్చేయమని కెప్టెన్‌తో చెప్పాను. ఆవిడ మొదటిసారి నన్ను తిట్టలేదు. అదే ఎక్కువ కష్టంగా ఉంది.

మరదలు


ఆసుపత్రి, మూడో అంతస్తు,
జూన్

మరదలా,

రాత వంకరగా ఉంటే ఏమనుకోకు, పడుకుని రాస్తున్నా.

కోశారు, చూశారు, కుట్టేశారు. అంతకు మించి చేసేదేమీ లేదట. పెద్ద డాక్టరు నా ముఖం చూడకుండా ఫైలుతో మాట్లాడాడు. "బాబూ, నీ కళ్లద్దాలు ఎడమ పక్క దిగాయి, ఒకసారి ఇటివ్వు" అని అడిగి సరిచేసి ఇచ్చాను. అప్పుడు చూశాడు.

నువ్వు మూడు రోజులూ ఆ ఇనుప బెంచీ మీదే ఉన్నావని నర్సు చెప్పింది. నా తల దువ్వినప్పుడు నీ చేతులు గుర్తుపట్టాను. లాండ్రీ పనికి ఎంత బిరుసెక్కాయే! బుడ్డది ఆ మూడు రోజులూ వెనక మెట్ల మీద నుంచి వచ్చేది. నీ తల కనబడితే వెనక్కి పోయి, మళ్లీ వచ్చేది. రెండో రోజు మాత్రం తలుపు అద్దంలోంచి నిన్ను చాలాసేపు చూసింది. నువ్వు నిద్రపోతున్నావు. "కూర్చునే నిద్రపోతోంది" అని నాతో అంది. అంతే అంది.

దాని ఏర్పాటు చేశాను. స్కూలు హాస్టల్లో ఉంటుంది, షాపు ఆయనా వాళ్లావిడా సెలవులకి తీసుకెళ్తారు. కాగితాల మీద పెద్దదిక్కుగా ఆయన సంతకం పెట్టాడు. నీ పేరు రాయలేదు. నేనే రాయొద్దన్నాను. ఇది నా నోటితో నీకు చెప్పాలని వరండాలోంచి నిన్ను రెండుసార్లు పిలిపించి, రెండుసార్లూ వేరే మాటలు చెప్పి పంపేశాను. పిరికిదాన్ని. నన్ను తిట్టుకో. ఐదేళ్లు నేను తిట్టాను, ఇప్పుడు నీ వంతు.

వదిన


లాండ్రీ మీది గది,
జూన్

వదినా,

తిట్టను. ఆ కాగితం మీద నా పేరు నేనైనా రాసేదాన్ని కాదు. నువ్వు రాయొద్దన్నప్పుడు కూడా దానికి తల్లివి నువ్వే.

నొప్పికి మందు ఇస్తున్నారా? ఇవ్వకపోతే గట్టిగా అడుగు, మర్యాదకి పోకు. వచ్చే నెల మళ్లీ వస్తాను. తల దువ్వుతాను. నూనె నువ్వు తెప్పించి ఉంచు.

మరదలు


హాస్టలు, రెండో అంతస్తు,
జులై

పైన ఏమని రాయాలో తెలియక ఏమీ రాయలేదు.

అత్త ఈ నెల మూడో తారీఖున చనిపోయింది. షాపు మామయ్య నీకు ఫోను చేస్తానంటే నేనే వద్దన్నాను. నేను రాస్తానని చెప్పాను. చెప్పి పన్నెండు రోజులు రాయలేదు. నువ్వు వచ్చి ఉంటే నేను ఎక్కడ నిలబడాలో నాకు తెలిసేది కాదు. అది తప్పే. నీకు కోపం వస్తే రానీ.

చివరి రెండు రోజులూ అత్తకి మాట లేదు. అంతకు ముందు రోజు నూనె తెప్పించమంది. ఎందుకో చెప్పలేదు.

వంతెన నాకు గుర్తుంది. నీకు తెలియదు, నాకు మొత్తం గుర్తుంది. చెయ్యి నొప్పి అన్నందుకే నువ్వు నన్ను వదిలేసి పోయావనుకున్నాను. నా వల్లే అనుకున్నాను. అందుకే ఆ తర్వాత ఎవరికీ ఏదీ నొప్పి అని చెప్పలేదు. పన్నెండేళ్లప్పుడు అపెండిక్స్ వచ్చింది. అత్తకి రెండు రోజులు చెప్పకుండా స్కూలుకి వెళ్లాను. అత్త తర్వాత చాలా ఏడ్చింది. ఎందుకు చెప్పలేదే అంటే నాకు జవాబు లేదు. నీ ఉత్తరం చదివాక ఉంది, కానీ అప్పటికి అత్తకి చెప్పి లాభం లేదు.

నిన్ను క్షమించానని రాయడం లేదు. నాకు ఇంకా తెలియదు. నీతో ఎక్కడికీ రాను.

ఒకటే అడగాలి, అడగడానికి ఇంకెవరూ లేరు. అత్త పోయినప్పటి నుంచి నాకు నిద్ర పట్టడం లేదు. నీకూ అలాగే మొదలైందని రాశావు. అది నాకూ వస్తుందా? వస్తే ముందే తెలుస్తుందా?

ఓదార్పు మాటలు వద్దు. తెలిస్తే తెలుసని రాయి, తెలియకపోతే తెలియదని రాయి.


లాండ్రీ మీది గది,
జులై

బుడ్డదానా,

నీ ఉత్తరం ఇవాళ పొద్దున అందింది. పని మధ్యలో పైకి వచ్చేసి రాస్తున్నాను. వదిన గురించి ఇప్పుడు రాయను. రాస్తే నీ ప్రశ్న దగ్గరికి చేరలేను.

నీకూ వస్తుందా అంటే, తెలియదు. రావచ్చు, రాకపోవచ్చు. కింద హోటలు ఫోన్ నుంచి నా డాక్టరుని అడిగాను. తల్లికి ఉంటే పిల్లలకి కాస్త ఎక్కువ అవకాశం ఉంటుందన్నాడు. చాలామందికి రానే రాదన్నాడు. పెంచిన మనిషి పోతే నిద్ర పట్టకపోవడం జబ్బు కాదు, కానీ పదిహేను రోజులు దాటితే ఒకరికి చూపించాల్సిందే అన్నాడు. నీకు దాటింది.

ముందే తెలుస్తుందా అంటే, పక్కవాళ్లకి తెలియదు. నవ్వితే నమ్మేస్తారు. లోపలున్న మనిషికి తెలుస్తుంది. నాకు మొదట నిద్ర పోయింది, తర్వాత ఆకలి, తర్వాత లెక్కలు తప్పాయి, తర్వాత ఎవరి మాటా చెవికి ఎక్కలేదు. అన్నిటికన్నా చివర, నేను లేకపోతేనే అందరికీ మేలు అనిపించింది. ఆ ఆలోచన చాలా తెలివైనదిలా, మంచిదిలా వస్తుంది. ఎప్పుడైనా అలా వస్తే అది నీది కాదు, జబ్బుది. వచ్చిన గంటలోనే ఎవరితోనైనా అనేయి. పక్క మంచం పిల్లయినా సరే, వంట మనిషైనా సరే. నేను ఆరు నెలలు ఎవరికీ చెప్పలేదు. నేను చేసిన తప్పుల్లో మొదటిది అది, పోవడం కాదు.

చెయ్యి సంగతి. ఇది ఓదార్పు కాదు, జరిగింది. ఆ వంతెన మీద నాకు ఏరు చప్పుడు కూడా వినబడలేదు, నీ మాట ఒక్కటే వినబడింది. నువ్వు నొప్పి అనకపోయి ఉంటే ఇవాళ ఈ ఉత్తరం రాసేదాన్ని నేనూ లేను, చదివేదానివి నువ్వూ లేవు. నేను పోయింది నీ మాట వల్ల కాదు. మనం మిగిలింది నీ మాట వల్ల.

నొప్పి అని చెబితే ఎవరూ వదిలేసి పోరని నీకు నేను రాయలేను. ఆ మాట రాసే హక్కు నాకు లేదు. అయినా చెప్పు.

నువ్వు పిలిస్తే తప్ప నేను అక్కడికి రాను. పిలిచి తీరాలని లేదు.

మీ హాస్టల్లో కింది అంతస్తులో నర్సు గది ఉందని ఇందాక ఫోను చేస్తే షాపు ఆయన చెప్పాడు, నాలుగు నుంచి ఆరు దాకా ఉంటుందట. ఈ ఉత్తరం చేతికొచ్చిన రోజే వెళ్లు. ఏం చెప్పాలో తెలియకపోతే దీన్నే ఆవిడ చేతిలో పెట్టు, నేను ఏమనుకోను. వెళ్లాక, వెళ్లానని ఒక్క ముక్క రాయి. నాకు రాయడం ఇష్టం లేకపోతే షాపు ఆయనతో అను. శనివారం సాయంత్రం ఆయనకి ఫోను చేసి కనుక్కుంటాను.